ఆఖరి ముక్క మీద పెద్ద పందెం

2003 మే నెల. లాస్ వేగస్‌లోని బినియన్స్ హార్స్‌షూ క్యాసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ ఆఖరి ఘట్టానికి చేరింది. 839 మందితో మొదలైన పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకరు క్రిస్ మనీమేకర్. టెనెసీ రాష్ట్రంలో అకౌంటెంటుగా పనిచేసే యువకుడు. ఇంటర్నెట్‌లో 86 డాలర్లు కట్టి ఆడిన చిన్న పోటీలో నెగ్గి, ఆ అర్హతతో ఇక్కడిదాకా వచ్చాడు. రెండోవాడు సామ్ ఫార్హా. లెబనాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వృత్తి ఆటగాడు. బల్ల మీద ఐదు ముక్కలూ పడ్డాయి: ఇస్పేటు తొమ్మిది, డైమండు రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది, చివరికి ఆఠీను మూడు. ఫార్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. అంటే తొమ్మిదుల జోడీ. అతను పందెం కాయకుండా చెక్ అన్నాడు. మనీమేకర్ తన చిప్స్ మొత్తం పందెంలో పెట్టేశాడు.

ఫార్హా చాలాసేపు ఆలోచించాడు. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) కోసం చూశావు, రాలేదు కదూ అన్న అర్థం వచ్చేలా ఎదుటివాణ్ని పైకే అడిగాడు. ఆ ఊహ పూర్తిగా నిజం. మనీమేకర్ చేతిలో ఉన్నవి ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫ్లషూ పడలేదు, వరసా కుదరలేదు, కనీసం చిన్న జోడీ కూడా లేదు. అయినా ఫార్హా ముక్కలు పడేశాడు. ఆ తర్వాత కాసేపటికే మనీమేకర్ ప్రపంచ విజేతయ్యాడు. బహుమతి 25 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006 నాటికి ఆ సంఖ్య 8,773కి చేరింది. పోకర్ చరిత్ర ఆ ఒక్క ఫోల్డ్ దగ్గర మలుపు తిరిగిందనడం అతిశయోక్తి కాదు.

ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ముక్కలన్నీ పడిపోయాయి. ఎదుటివాడు పెద్ద మొత్తం కాశాడు. మీ చేతిలో ఉన్నది గొప్పదీ కాదు, పనికిరానిదీ కాదు. అంతే మొత్తం పెట్టి కాల్ చేయాలా, ముక్కలు పడేయాలా? చాలామంది దీన్ని ధైర్యానికి పరీక్ష అనుకుంటారు, ఇంకొందరు ముఖం చదివే విద్య అనుకుంటారు. నిజానికి ఇది ఓపికగా నేర్చుకోదగిన పద్ధతి. రోడ్డు వెంట ఊరూరా తిరిగిన టెక్సస్ జూదరులు మొదలుపెట్టి, గణిత శాస్త్రజ్ఞులు చక్కదిద్ది, కంప్యూటర్లు సానబట్టిన విద్య ఇది. దీన్ని డబ్బుకోసం వాడనివాళ్లకి కూడా ఇందులో విలువైన పాఠం ఉంది. అందుకే ఈ వ్యాసం.

ఐదో ముక్క ఎందుకు వేరు

ముందు ఆట సంగతి. టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ మూసిన ముక్కలు రెండు పంచుతారు. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, అది టర్న్. చివరిది రివర్. మొదటి రెండు ముక్కలు పంచాక ఒకసారి, ఆ తర్వాత ఒక్కో దశలో ఒకసారి, మొత్తం నాలుగు సార్లు పందేలు నడుస్తాయి. చేతిలోని రెండూ, బల్లమీది ఐదూ కలిపి ఏడింటిలో మేలైన ఐదు ముక్కలే మీ ఆట. బల్ల మధ్యలో పోగైన చిప్స్‌ని పాట్ అంటారు.

ఈ ఆట టెక్సస్‌లోని రాబ్స్‌టౌన్‌లో పుట్టిందని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో ఒక తీర్మానంలో గుర్తించింది. 1960లలో అది లాస్ వేగస్‌కి చేరింది. దానికి ముందూ ఆ తర్వాతా దాన్ని మోసుకు తిరిగినవాళ్లు డోయిల్ బ్రన్సన్, అమరిల్లో స్లిమ్, సెయిలర్ రాబర్ట్స్ లాంటి వాళ్లు. కారులో ఊరి నుంచి ఊరికి ప్రయాణం, ఎక్కడో వెనక గదిలో ఆట, గెలిచిన డబ్బుతో క్షేమంగా బయటపడడమే మరో ఆట. ముగ్గురూ తర్వాత ప్రపంచ విజేతలయ్యారు. బ్రన్సన్ 1976లోనూ 1977లోనూ వరుసగా గెలిచాడు. 1970ల చివర తమ రహస్యాలన్నీ కలిపి సూపర్ సిస్టమ్ అనే పుస్తకం వేశాడు. నోటిమాటగా నడిచిన విద్య అప్పుడు అచ్చులోకి వచ్చింది.

రివర్‌కి ముందు తప్పు చేసినా దిద్దుకోవడానికి తోవ ఉంటుంది. ఇంకో ముక్క రావాల్సి ఉంది, అది మిమ్మల్ని కాపాడొచ్చు. ఎదుటివాడి దగ్గర పెద్ద జోడీ ఉన్నా, మీకు ఫ్లష్ వచ్చే అవకాశం మిగిలే ఉంటుంది. రివర్ పడ్డాక ఆ ఆశ ఉండదు. మీరు గెలిచి ఉన్నారు, లేదా ఓడి ఉన్నారు. అరుదుగా ఇద్దరి ఆటా సమానమైతే తప్ప మధ్యస్థం లేదు. తెలియనిది ఎదుటివాడి రెండు ముక్కలే. అందుకే ఇక్కడ అదృష్టం పాత్ర ముగిసి, తీర్పు పాత్ర మొదలవుతుంది.

ముందు ధర చూడాలి

పందెం ఎంత పెద్దదైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎంత పెట్టి ఎంత గెలుస్తాను? పాట్‌లో 1,000 చిప్స్ ఉన్నాయనుకుందాం. ఎదుటివాడు 500 కాశాడు. మీరు 500 పెడితే అతనివి కలుపుకుని 1,500 గెలుస్తారు. మీరు పెట్టాక మొత్తం పాట్ 2,000. అందులో మీది నాలుగో వంతు. అంటే నాలుగుసార్లలో ఒకసారి మీరు గెలిస్తే చాలు, నష్టం లేదు. అతను 1,000 కాస్తే మూడుసార్లలో ఒకసారి గెలవాలి. 2,000 కాస్తే అయిదుసార్లలో రెండుసార్లు, అంటే 40 శాతం. 3,000 కాసినా 43 శాతం దగ్గరే ఆగుతుంది.

ఈ లెక్కలో చాలామందికి తట్టని నిజం ఉంది. పందెం ఎంత పెరిగినా, కాల్ చేయడానికి కావాల్సిన గెలుపు సగానికి చేరదు. పాట్‌లో ముందే ఉన్న చిప్స్ ఎప్పుడూ మీ పక్షాన ఉంటాయి కాబట్టి. పెద్ద పందెం చూడగానే, నేనే గెలుస్తానని రూఢిగా తెలిస్తే తప్ప పెట్టకూడదని మనసు చెబుతుంది. లెక్క అలా చెప్పదు. మూడింట రెండుసార్లు ఓడిపోతానని తెలిసి కూడా సరైన కాల్ చేయొచ్చు. ఈ ఒక్క మాట ఒంటపట్టించుకోవడానికే కొందరికి ఏళ్లు పడుతుంది.

పెద్ద పందెం ఏం చెబుతుంది

ఆఖరి ముక్క మీద పాట్ అంత, లేదా అంతకన్నా ఎక్కువ కాసేవాడి చేతిలో సాధారణంగా రెండు రకాల ముక్కలే ఉంటాయి. ఒకటి చాలా బలమైనవి. రెండోది ఏమీ లేనివి. మధ్యరకం ఆటతో అంత పెద్ద పందెం కాయడంలో అర్థం లేదు. తనకన్నా బలహీనమైనవాళ్లు పడేస్తారు, బలమైనవాళ్లు మాత్రమే కాల్ చేస్తారు. అందుకే మధ్యరకం ఆట ఉన్నవాడు చెక్ చేస్తాడు, లేదా కొంచెమే కాస్తాడు.

దీనివల్ల వచ్చే ఫలితం ఆసక్తికరం. మీ చేతిలో పెద్ద జోడీ ఉందా, చిన్న జోడీ ఉందా అన్నది చాలావరకు పట్టింపు లేని విషయం అవుతుంది. రెండూ అతని బలమైన ఆటలకి ఓడిపోతాయి, రెండూ అతని బుకాయింపుల మీద గెలుస్తాయి. మీ ఆట ఇప్పుడు బ్లఫ్‌ని, అంటే బుకాయింపుని, పట్టుకోవడానికి మాత్రమే పనికొచ్చే సాధనం. కాబట్టి నాది ఎంత మంచి ఆట అని అడగడం మానేసి, ఇతని దగ్గర ఉండగలిగే ఆటల్లో బుకాయింపులు ఎన్ని అని అడగాలి.

ఈ సత్యానికి అందరూ చెప్పుకునే ఉదాహరణ స్టూ అంగర్‌ది. మూడుసార్లు ప్రధాన పోటీ గెలిచిన ఆటగాడు. 1990 ప్రపంచ విజేత మన్సూర్ మత్లూబీతో ముఖాముఖి పోటీ ఆడుతున్నాడు. బల్ల మీద రెండు మూడులు, ఒక ఏడు, రాజు, రాణి. మత్లూబీ తన చిప్స్ మొత్తం కాశాడు. అంగర్ దగ్గర ఉన్నవి పది, తొమ్మిది మాత్రమే. సొంత జోడీ లేదు. అతను కాసేపు చూసి, నీ దగ్గర నాలుగు-అయిదో, అయిదు-ఆరో ఉన్నాయని చెప్పి కాల్ చేశాడు. మత్లూబీ చూపించినవి నాలుగు, అయిదు. మూడుల జోడీ, రాజు, రాణి ఇద్దరికీ ఉమ్మడి. అయిదో ముక్కగా ఒకరికి పది, ఇంకొకరికి బల్లమీది ఏడు. ఆ పదే గెలిపించింది. అంగర్ తన ముక్కల బలాన్ని చూసి కాల్ చేయలేదు. ఎదుటివాడు చెప్పిన కథ నిజం కాదని తేల్చుకుని చేశాడు.

కథ పొసగుతుందా?

ఈ విద్యకి ప్రాణం ఇక్కడ ఉంది. ఎదుటివాడి పందేలన్నీ కలిపి ఒక కథ. ముక్కలు పంచగానే పెంచాడా? ఫ్లాప్ మీద కాశాడా, చెక్ చేశాడా? టర్న్ మీద ఏం చేశాడు? ఇప్పుడు రివర్ మీద ఇంత పెద్ద మొత్తం ఎందుకు? ప్రతి దశలోనూ అతను చేసిన పని కొన్ని ఆటలకి కుదురుతుంది, కొన్నిటికి కుదరదు. కుదరని వాటిని కొట్టేస్తూ పోవాలి. చివరికి మిగిలినవే అతని దగ్గర ఉండగలిగే ఆటలు.

మన పదమూడు ముక్కల రమ్మీలో దిట్టలైనవాళ్లు చేసేది ఇదే. పక్కవాడు ఏ ముక్క ఎత్తుకున్నాడు, ఏది వదిలేశాడు, డైమండు ఏడు పడితే ఎందుకు పట్టించుకోలేదు అని గుర్తుపెట్టుకుంటూ అతని చేతిని కళ్లముందు కట్టుకుంటారు. పోకర్‌లో పడేసిన ముక్కలు కనిపించవు. బదులుగా పందేలు కనిపిస్తాయి. వాటినే చదవాలి.

కథలో అతకని చోటు ఎక్కడుందో వెతకడం పద్ధతి. ఉదాహరణకి టర్న్ మీద చెక్ చేసినవాడు, ఏమీ మార్చని చిన్న ముక్క రివర్‌లో పడగానే హఠాత్తుగా పాట్‌కి రెండింతలు కాశాడు. బలమైన ఆట ముందునుంచీ ఉంటే టర్న్ మీద ఎందుకు ఊరుకున్నాడు? రివర్ ముక్క వల్ల బలం వచ్చిందా అంటే, అది ఎవరికీ పెద్దగా సాయపడే ముక్క కాదు. అలాంటి చోట కాల్ వైపు మొగ్గాలి. దీనికి పూర్తి విరుద్ధం ఇంకొకటి. అతను మొదటినుంచీ ఒకే తీరుగా కాస్తూ వచ్చాడు, బల్లమీద మూడు ఇస్పేట్లు పడ్డాక కూడా తగ్గలేదు. కథ మొదటినుంచి చివరిదాకా అతుకుతోంది. అక్కడ ఎంత మంచి జోడీ ఉన్నా పడేయడానికి సిద్ధపడాలి.

వేళ్లమీద లెక్క

ఇప్పుడు ఒక ఆటని పూర్తిగా లెక్కగడదాం. బల్ల మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమండు మూడు. టర్న్‌లో ఆఠీను రెండు. రివర్‌లో కళావరు ఏడు. ఫ్లషూ సాధ్యం కాదు, వరసా సాధ్యం కాదు. మీ చేతిలో డైమండు రాజు, కళావరు రాణి, రాజుల జోడీ. ఎదుటివాడు మొదట్లోనే పెంచాడు, మూడు దశల్లోనూ కాశాడు. రివర్‌లో పాట్ 1,000 ఉంటే 1,000 కాశాడు. మీకు మూడింట ఒక వంతు గెలుపు కావాలి.

మిమ్మల్ని ఓడించేవి ఎన్ని? ఆసుల జోడీ ఆరు రకాలుగా రావచ్చు. బల్లమీద ఒక రాజు, మీ దగ్గర ఒక రాజు ఉన్నాయి కాబట్టి అతని దగ్గర రాజుల జోడీ ఒకే రకంగా ఉండగలదు. ఎనిమిదుల జోడీ మూడు రకాలు, మూడుల జోడీ మూడు రకాలు. ఆసు-రాజు కలిసినవి నాలుగు ఆసులు ఇంటూ మిగిలిన రెండు రాజులు, ఎనిమిది. మొత్తం 21. రెండుల జోడీ, ఏడుల జోడీ ఉన్నవాడు బల్లమీద రాజు పడ్డాక వరుసగా కాస్తూ వచ్చి ఉండడని వదిలేద్దాం. లెక్క తేలికగా ఉండడానికి రెండు జోడీల ఆటల్నీ పక్కన పెడదాం.

బుకాయింపులు ఎన్ని? ఇస్పేటు ఫ్లష్ కోసం ఎదురుచూసి తప్పినవి లెక్కపెడదాం. ఇస్పేటు ఆసుతో పాటు ఇస్పేటు రాణి, జాకీ, పది, తొమ్మిది, ఆరు, అయిదు, నాలుగులో ఏదో ఒకటి: ఏడు. ఇస్పేట్లలోనే రాణి-జాకీ, రాణి-పది, జాకీ-పది, పది-తొమ్మిది, ఆరు-అయిదు: అయిదు. మొత్తం 12.

ఇవన్నీ అతను కాస్తాడనుకుంటే 33 ఆటల్లో 12 బుకాయింపులు. అంటే 36 శాతం పైమాటే. కావాల్సింది 33 శాతం. కాల్ చేయాలి. 33 సార్లు ఇదే ఆట వస్తే 12 సార్లు 2,000 చొప్పున 24,000 వస్తాయి, 21 సార్లు 1,000 చొప్పున 21,000 పోతాయి. మిగిలేది 3,000.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. మీ చేతిలో కళావరు రాణి బదులు ఇస్పేటు రాణి ఉంది. జోడీ అదే, బలం అదే. కానీ ఇస్పేటు రాణి మీ దగ్గర ఉంటే అతని దగ్గర ఉండదు. ఆసు-రాణి, రాణి-జాకీ, రాణి-పది అనే మూడు బుకాయింపులు లెక్కలోంచి పోతాయి. 30 ఆటల్లో 9 మాత్రమే. సరిగ్గా 30 శాతం. ధర గిట్టదు. 9 సార్లు 18,000 వచ్చి, 21 సార్లు 21,000 పోయి, 3,000 నష్టం. పడేయాలి.

ఒక ముక్క రంగు మారితే తీర్పు మారిపోయింది. ఎదుటివాడి చేతిలోకి కొన్ని ఆటలు రాకుండా మన ముక్కలు అడ్డుపడడాన్ని ఆటగాళ్లు బ్లాకర్ అంటారు. బలమైన ఆటలకి అడ్డుపడే ముక్క ఉంటే కాల్ చేయడం మేలు. బుకాయింపులకి అడ్డుపడే ముక్క ఉంటే పడేయడం మేలు. మీ రాజు కూడా ఇక్కడ ఆ పని చేసింది. అది లేకపోతే ఆసు-రాజు ఎనిమిది కాదు, పన్నెండు రకాలుగా వచ్చేది.

ఫార్హా దగ్గర ఇస్పేటు రాణి ఉండడాన్ని ఇప్పుడు తిరిగి చూడండి. ఆ బల్లమీద మూడు ఇస్పేట్లు ఉన్నాయి, కాబట్టి చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నవాడికి ఫ్లష్ తయారైనట్టే. రాణి ఫార్హా దగ్గరే ఉండడంతో ఎదుటివాడికి రాణితో కూడిన ఫ్లష్ ఒక్కటీ ఉండే వీల్లేదు. ఒంటరి ఇస్పేటు ఆసుతోనో, ఒంటరి ఇస్పేటు రాజుతోనో బుకాయించే అవకాశం మాత్రం తగ్గలేదు. ముక్కల లెక్క ఫార్హాని కాల్ వైపే నెట్టింది. ఓడితే ప్రపంచ టైటిల్ చేజారుతుందన్న భారం వెనక్కి లాగింది. పోటీల్లో ఆ భారానికి న్యాయం కూడా ఉంది. అక్కడ పోయిన చిప్స్ విలువ గెలిచిన చిప్స్ విలువకన్నా తరచు ఎక్కువ. కానీ ఇద్దరే మిగిలిన ఆఖరి ఆటలో ఆ తేడా ఉండదు.

సిద్ధాంతం ఎక్కడిదాకా, మనిషి ఎక్కడినుంచి

బుకాయింపు మోసగాళ్ల తెలివి కాదని, ఆటలో తప్పనిసరి భాగమని గణితంతో నిరూపించినవాడు జాన్ వాన్ నాయ్‌మన్. హంగరీలో పుట్టిన ఈ గణిత శాస్త్రజ్ఞుడు 1928లోనే ఆటల సిద్ధాంతానికి పునాది వేశాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో పోకర్‌కి ఒక చిన్న నమూనా తయారుచేశాడు. అందులో తేలిందేమిటంటే, పందెం కాయాల్సింది మేలైన ఆటలతోనూ, అన్నిటికన్నా చెత్త ఆటలతోనూ. మధ్యరకంతో ఊరుకోవాలి. బ్లఫ్ చేయనివాడికి మంచి ఆట వచ్చినా ఎవరూ కాల్ చేయరు.

దీని రెండో వైపు కాల్ చేసేవాడికి వర్తిస్తుంది. ప్రతిసారీ పడేస్తే ఎదుటివాడు ఏ ముక్కలతోనైనా కాసి లాభపడతాడు. పాట్ అంత పందెం వస్తే మీ ఆటల్లో దాదాపు సగమైనా నిలబెట్టాలని, దానికి రెండింతలు వస్తే మూడో వంతైనా నిలబెట్టాలని సిద్ధాంతం చెబుతుంది. పందెం పెరిగేకొద్దీ మీరు నిలబెట్టాల్సినవి తగ్గుతాయి. బల్ల దగ్గర ఇంకొందరు కూడా ఆటలో ఉంటే ఆ బాధ్యత అందరిమధ్యా పంచబడుతుంది.

2017 జనవరిలో ఈ సిద్ధాంతాన్ని ఒక యంత్రం పరీక్షకి పెట్టింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తుయోమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రేటస్ అనే ప్రోగ్రామ్ పిట్స్‌బర్గ్ క్యాసినోలో 20 రోజులపాటు నలుగురు మేటి ఆటగాళ్లతో ముఖాముఖి హోల్డెమ్ ఆడింది. మొత్తం 1,20,000 ఆటలు. లిబ్రేటస్ స్పష్టంగా గెలిచింది. మనుషులు మామూలుగా కాయడానికి వెనకాడే, పాట్‌ని మించిన పందేలు అది సంకోచం లేకుండా కాసేది. వాటిలో బలమైన ఆటలూ బుకాయింపులూ సరైన పాళ్లలో కలిసి ఉండడంతో ఎదుటివాళ్లకి ఎటూ పాలుపోని పరిస్థితి వచ్చేది. ఆ తర్వాత ఆటగాళ్లు కంప్యూటర్ సాయంతో రివర్ పందేలని గంటలకొద్దీ అధ్యయనం చేయడం మామూలైపోయింది.

అయితే మీ ఎదురుగా కూర్చున్నది యంత్రం కాదు, మనిషి. మనుషులు సరైన పాళ్లలో బుకాయించరు. అనుభవజ్ఞులు ఒకరితర్వాత ఒకరు చెప్పే మాట: చిన్న బల్లల దగ్గర, మామూలు ఆటగాళ్లు రివర్‌లో పెద్ద మొత్తం కాస్తే ఎక్కువసార్లు నిజంగానే ఆట ఉంటుంది. పైన లెక్కవేసిన 12 బుకాయింపుల్లో సగమే అతను ధైర్యంగా కాస్తాడనుకోండి. 27లో 6, అంటే 22 శాతం. లెక్క తిరగబడింది. కళావరు రాణితో కూడా పడేయాలి. అందుకే సిద్ధాంతం మొదటి మెట్టు, మనిషిని తెలుసుకోవడం రెండో మెట్టు. ఇతను ఇదివరకు ఇలాంటి చోట ఏం చూపించాడు? ఓడిపోతూ వచ్చి తిరిగి రాబట్టుకోవాలన్న తొందరలో ఉన్నాడా? గంటసేపు ఒక్క పందెమూ కాయనివాడా? ఈ జవాబులు మీ లెక్కలోని సంఖ్యల్ని మార్చాలి.

శరీర భాష గురించి మైక్ కారో 1984లో ఒక పుస్తకమే రాశాడు. బలహీనంగా ఉన్నవాడు బలం నటిస్తాడు, బలంగా ఉన్నవాడు నీరసం నటిస్తాడు అన్నది దాని సారం. చిప్స్ పెడుతుంటే చేతులు వణికితే భయపడుతున్నాడనుకుంటాం. ఎక్కువసార్లు అది గొప్ప ఆట వచ్చిన ఉద్వేగం అని కారో హెచ్చరించాడు. ఇవి పనికొస్తాయి, కానీ లెక్క దాదాపు సరిసమానంగా ఉన్నప్పుడు తూచడానికి మాత్రమే. లెక్కని పక్కనబెట్టి కళ్లలోకి చూసి తేల్చేవాడు చివరికి తను నమ్మాలనుకున్నదే చూస్తాడు.

మనసు పెట్టే చిక్కులు

ఇంత చేశాక కూడా తప్పుడు కాల్ చేయించే శక్తులు లోపల ఉంటాయి. మొదటిది కుతూహలం. అతని దగ్గర ఏముందో చూడాలన్న తహతహ. మూడు ముక్కలాటలో చిప్స్ పెట్టి షో అడిగినవాళ్లకి ఈ తహతహ బాగా తెలుసు. రెండోది అభిమానం. నన్ను బుకాయించి గెలిచాడన్న మాట పడకూడదన్న పట్టుదల. మూడోది పెట్టినదాని మీద మమకారం. ఇప్పటికే ఇంత పెట్టాను, ఇప్పుడెలా వదలను అనుకోవడం. పాట్‌లో పడిన చిప్స్ ఇక మీవి కావు. అవి ధర లెక్కలో వస్తాయి తప్ప, మీ బాకీగా రావు.

పడేయించే తప్పులు కూడా అంతే బలమైనవి. ఓడిపోయి అందరిముందూ చిన్నబోతానన్న భయం ఒకటి. పడేసినందుకు శిక్ష కనిపించకపోవడం ఇంకొకటి. తప్పుడు కాల్ చేస్తే చిప్స్ పోవడం వెంటనే కళ్లకి కడుతుంది. తప్పుగా పడేస్తే ఎదుటివాడు ముక్కలు మూసుకునే వెళ్లిపోతాడు, ఆ నష్టం ఎప్పటికీ తెలియదు. కనబడని నష్టాన్ని లెక్కపెట్టే అలవాటు చేసుకోవడం ఈ విద్యలో పెద్ద సాధన.

దీనికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచకుండా ఉండడం. 36 శాతం గెలుపున్న కాల్ సరైనదే, అయినా మూడింట రెండుసార్లకి దగ్గరగా ఓడిపోతుంది. ఓడిన ప్రతిసారీ తప్పు చేశాననుకునేవాడు కొన్నాళ్లకి సరైనదాన్ని వదిలేస్తాడు. తప్పుడు కాల్ చేసి గెలిచినవాడు ఆ తప్పునే అలవాటు చేసుకుంటాడు. డేవిడ్ స్క్లాన్‌స్కీ, ఆనీ డ్యూక్ లాంటి ఆటగాళ్ల పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వచ్చే బోధ ఇదే. వచ్చిన ఫలితం కాదు, ఆ సమయంలో మీకు తెలిసినదాంతో మీరు వేసిన లెక్క సరైనదా కాదా అన్నదే చూడాలి.

డబ్బు లేకుండా నేర్చుకోదగిన విద్య

మన నేలమీద పేకాటకి చట్టంతో పాత సంబంధమే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడంలో, ఏది పట్టాలి ఏది వదలాలి అన్నదానిలో నైపుణ్యం ప్రధానమని చెప్పింది. అయితే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. ఈ ఆటల్లో పడి అప్పులపాలైన కుటుంబాల గోడు మన ఊళ్లలో విననివాళ్లు లేరు. ఆ బాధని తక్కువ చేసి చూపే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. నైపుణ్యం ఉన్నవాడు కూడా నెలలతరబడి ఓడిపోగలడని పైన చెప్పిన లెక్కే చూపిస్తోంది. ఇంటి డబ్బు పెట్టి ఆ లెక్కని పరీక్షించకూడదు.

డబ్బు తీసేసినా ఈ విద్య మిగులుతుంది. ఎవరో పెద్ద మాట చెప్పి మన ముందు పెద్ద పందెం పెట్టే సందర్భాలు జీవితంలో వస్తూనే ఉంటాయి. ఎక్కువ లాభం ఇస్తానన్న పెట్టుబడి పథకం, ఈ రోజే సంతకం పెట్టాలని తొందరపెట్టే స్థలం బేరం, నిజమో కాదో తేలని బెదిరింపు. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు అవే. ఒప్పుకుంటే ఎంత పోతుంది, ఎంత వస్తుంది? ఇతను చెప్పే కథ మొదటినుంచి ఇప్పటిదాకా అతుకుతోందా? ఇదే పని చేసేవాళ్లలో నిజాయితీపరులు ఎందరు, బుకాయించేవాళ్లు ఎందరు? నాకు తెలిసిన ఏ సంగతి ఆ లెక్కని మారుస్తుంది? నేను మొగ్గుతున్నది లెక్క చూసా, అభిమానం చూసా?

ఈ పద్ధతి నేర్చుకోవాలనుకునేవారికి ఒక సలహా. ఒక పేక, ఒక కాగితం, ఒక పెన్సిల్ తీసుకోండి. ఇంట్లోవాళ్లతో చింతగింజలు పెట్టుకుని ఆడండి. రివర్‌లో పెద్ద పందెం వచ్చిన ప్రతిసారీ, ఎదుటివాడి ముక్కలు చూడకముందే మీ లెక్క కాగితం మీద రాయండి: కావాల్సిన శాతం ఎంత, బలమైన ఆటలు ఎన్ని, బుకాయింపులు ఎన్ని, మీ తీర్పు ఏమిటి. ఆ తర్వాతే ముక్కలు తెరవండి. గెలిచారా ఓడారా అన్నది రాయక్కర్లేదు. లెక్క సరిగ్గా వేశారా లేదా అన్నది మాత్రమే దిద్దుకోండి.